హారతి లేని సినిమా

నేను పనిచేసే సినిమా హాళ్లు ఒక పెద్ద మాల్‌లో నాలుగో అంతస్తులో ఉంటయి. బయటికి చూస్తే అన్నీ అద్దాల ఆఫీసులే. హైటెక్ సిటీలో ఎటు తిరిగినా మన మొఖం మనకే కనబడుతది, జుట్టు సర్దుకోవడానికి వేరే అద్దం కొననక్కర లేదు.

ఒక ఆట అయిపోయి ఇంకో ఆట మొదలవడానికి నడుమ మాకు పన్నెండు నిమిషాలు ఇస్తరు. ఆ పన్నెండు నిమిషాల్లో నేనూ నాతోటి ఇంకొకామె కలిసి హాలంతా ఊడ్చి, ఒలికింది తుడిచి, మరిచిపోయిన గొడుగులూ ఫోన్లూ తీసి ఇవ్వాలె. సీట్ల కింద పడ్డదాన్ని చూసి సినిమా ఎట్లుందో నేను చెప్తా. నవ్వుల సినిమా అయితే పాప్‌కార్న్ అంతటా చెదిరి ఉంటది. ఏడుపు సినిమా అయితే ముక్కు తుడుచుకున్న కాగితాలు. దయ్యాల సినిమాకు కూల్‌డ్రింకులు ఒలుకుతయి, ఎందుకంటే అందరూ ఒక్కసారే ఎగురుతరు. బాగలేని సినిమాకు ఏం పడదు, ఇంటర్వెల్‌లోనే పాప్‌కార్న్ డబ్బా పట్టుకొని ఇంటికి పోతరు.

మొన్న వచ్చిన దేవుని సినిమాకు మాత్రం డబ్బాలు నిండుగ దొరికినయి. ఎవ్వరూ తినలే. ఎవ్వరూ పోలే కూడా. అసలు కథ ఆ పోకపోవడం గురించే.

ఈ పనికి ముందు ఏడేండ్లు నేను ఖాజాగూడలో ఇటుకలు మోసిన. అక్కడి బండలు ఎండకు కాలి, సాయంత్రం దాకా వేడి కక్కుతుంటయి. మోకాళ్లు అరిగినంక, ఇక్కడ సెక్యూరిటీ చేసే ఆయన, మా పక్క ఊరాయనే, ఈ పనిలో పెట్టించిండు. ఎండ లేదు, మెట్లెక్కే మోత లేదు, చల్లగ ఉంటది. బోరబండ నుంచి ఒక్క ఆటోలో వస్త. ఈ పని పోతే మళ్లీ ఖాజాగూడే. మోకాళ్లు ఖాజాగూడకు ఒప్పుకోవు. ఇది ముందే చెప్పి పెడుతున్న, తర్వాత జరిగింది అర్థం కావాలని.

మా సూపర్‌వైజర్ గోదావరి దిక్కు పిల్లగాడు. మర్యాదస్తుడు. తిట్టినా అండి అనే తిడుతడు. ‘మీకు అసలు బుద్ధుందాండి’ అని ఆయన అంటే, తిట్టిండా పరామర్శించిండా అని మనం కాసేపు ఆలోచించాల్సి వస్తది. ఆయన దగ్గర ఒక పుస్తకం ఉంటది. ఆట ఎప్పుడు అయ్యింది, ఊడ్వడం ఎప్పుడు మొదలుపెట్టిన్రు, ఎప్పుడు ముగించిన్రు, అన్నీ అందులో రాస్తడు.

ఆ సినిమా ఒక భక్తుని కథ. గొర్లు కాసుకునేటాయన. రాజు ఆయనను పిలిచి నీ దేవుని పేరు ఎత్తొద్దంటడు. ఆయన ఎత్తుతడు. ఇంటర్వెల్ తర్వాత మొత్తం కొట్టుడే. తలుపు మూసినా కొరడా చప్పుడు బయటికి వినబడేది. చూడకుండ వింటే బండ మీద బట్టలు ఉతికినట్టే ఉంటది. చివరికి ఆయన పాణం పోతది. దేవుడు రాడు. తెర నల్లగయితది, పేర్లు పడతయి.

గొడవ దీని మీదనే. భక్తుని రక్తం ఇంత చూపెడతరా, పైగా దేవుడు రాలేదని చూపెడతరా, ఆపెయ్యాలె అని ఒక గుంపు మాల్ గేటు ముందర నిలబడ్డది. ప్రతి ఇంటోళ్లు చూడాలె, చూడనోడు భక్తుడే కాదని ఇంకో గుంపు ఎదురుంగ నిలబడ్డది. నడుమ ఒక పోలీసాయన. పదకొండు దాటినంక ఎండ ముదిరింది. మంచినీళ్ల కోసమని రెండు గుంపులూ లోపలికొచ్చి, ఒకే ఏసీ కింద, ఒకరి భుజాలు ఒకరికి తగిలేటట్టు నిలబడి, చల్లబడ్డంక మళ్లీ బయటికి పోయి అరిచిన్రు.

మా సెక్యూరిటీ అన్నకు అందరితోని మాట్లాడే అలవాటు. నా దగ్గరికొచ్చి చెప్పిండు.

"ఏందే చెల్లె గీ లొల్లి! ఆపుమన్నోన్ని అడిగిన, సినిమా సూసినవా అని. లేదన్నడు. సూడుమన్నోన్ని అడిగిన. ఆడు గూడ సూడలె."

"మరి సూసినోళ్లు ఏమంటున్నరే అన్నా?"

"సూసినోళ్లు మాట్లాడుతలేరు. గదే పరేషాన్."

మొదటి రోజు పొద్దటి ఆటకు ఒక పెద్దామె వచ్చింది. జరీ అంచు చీర, చేతిలో గుడ్డ సంచి. వెనుక కొడుకు, మెడలో ఆఫీసు కార్డు. ఆమె హాలు తలుపు దగ్గర ఆగి నన్ను అడిగింది.

"అమ్మాయ్, చెప్పులు ఎక్కడ విడవాలమ్మా?"

ఆరేండ్లలో నన్ను ఎవ్వరూ ఆ మాట అడగలే. నేను జవాబు చెప్పేలోపే కొడుకు అందుకున్నడు.

"అమ్మా, ఇది మల్టీప్లెక్స్. చెప్పులేసుకునే వెళ్లాలి."

"ఏం, దేవుడి సినిమాయేగా?"

అని గోడ పక్కన విడిచింది. కొడుకు ఇటూ అటూ చూసి తన బూట్లు కూడా విప్పిండు, మేజోళ్లకు ఒక దగ్గర బొక్క ఉంది. ఇగ వెనుక వచ్చినోళ్లు చెప్పులు చూసిన్రు. గోడ పక్కన చెప్పులు కనబడితే మనోళ్లకు ఆలోచన అక్కర లేదు, కాళ్లే విప్పేస్తయి. పావుగంటలో గోడ పొడుగూతా చెప్పులు. తర్వాత సెక్యూరిటీ అన్న సంచి చూపించమన్నడు, బయటి తిండి లోపలికి తేవొద్దని కదా రూలు. సంచిలో స్టీలు డబ్బా, డబ్బాలో పులిహోర.

"బయటి తిండి తేవద్దమ్మ."

"తిండెక్కడిది నాయనా, ప్రసాదం ఇది. పొద్దున్నే నైవేద్యం పెట్టి తెచ్చాను. చెయ్యి పట్టు."

ఆయన చెయ్యి పట్టిండు. ప్రసాదం వద్దన్నోడు మా దిక్కు ఇంతవరకు పుట్టలే. నోట్లో ప్రసాదం పెట్టుకొని ప్రసాదాన్ని ఆపడం ఎట్లనో ఆయనకు తెలువలే. ఆమె లోపలికి పోయింది.

ఇంటర్వెల్ వరకు అంతా బాగనే ఉంది. గొర్లు, పాటలు, కొండలు. ఇంటర్వెల్‌లో అందరూ పాప్‌కార్న్ కొన్నరు. తర్వాత కొట్టుడు మొదలైంది. ఒక ఆఫీసోళ్లు పదిమంది దాకా ఒకే వరుసలో కూర్చున్నరు, అందరి మెడలో ఒకే రంగు తాడు. అందులో ఒకతను బయటికొచ్చి చేతులు కడుక్కునే నల్ల కింద తల పెట్టి ఏడ్చిండు. నడుమ ఫోన్ మోగింది. మొఖం తుడుచుకొని, గొంతు సవరించుకొని, "వినబడుతోంది సార్, సాయంత్రానికి పంపిస్తాను సార్" అన్నడు. ఫోన్ పెట్టేసి మిగిలిన ఏడుపు ఏడ్చి లోపలికి పోయిండు. ఇంకొకామె తలుపు తీసుకొని వచ్చి, "ఆయన చచ్చిపోయాడా ఇంకా?" అని నన్ను అడిగింది. లేదమ్మా, ఇంకా పావుగంట ఉంది అన్న. అట్లనే నిలబడి, కాసేపటికి ఆమె కూడా లోపలికే పోయింది.

ఆట అయ్యింది. పేర్లు పడ్డయి. లైట్లు వెలిగినయి. నేను చీపురు, తోటామె చేట పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డం.

ఎవ్వరూ లేవలే.

కుర్రోళ్లు కొందరు లేచిన్రు గానీ, చుట్టూ పెద్దోళ్లు కూర్చునే ఉండడం చూసి మళ్లీ కూర్చున్నరు. నిండు డబ్బాలు ఒళ్లో పెట్టుకొని, తెల్లగున్న తెర దిక్కు చూసుకుంట కూర్చున్నరు. ఐదు నిమిషాలు అయ్యింది. ఎనిమిది అయ్యింది. సూపర్‌వైజర్ ఉరుక్కుంట వచ్చిండు. ఆయనకు ఒక ఆలోచన తోచింది. ఇంగ్లిష్ సినిమాలకు పేర్లన్నీ అయిపోయినంక చివర్లో ఇంకో చిన్న ముక్క వేస్తరంట, పిల్లలు దాని కోసం కూర్చుంటరు. ఇదీ అదే అనుకున్నడు. తెర ముందర నిలబడి చెప్పిండు.

"అయిపోయిందండి. చివర్లో ఇంకేం సీను లేదండి. దయచేసి లేవండి."

ఒక్కరూ లేవలే. ఆయన మొఖం తెల్లబోయింది. ఇది ధర్నా అయ్యుంటదని కిందికి పోయి పోలీసాయనను తీసుకొచ్చిండు. పోలీసాయన వచ్చి మొదటి వరుసలో ఒకాయనను అడిగిండు.

"ఏంది సార్ సమస్య?"

"ఏం లేదండి. కూర్చున్నాం."

పోలీసాయన వరుసలన్నీ ఒకసారి చూసి, "సీట్లల్ల కూసునుడు తప్పు కాదు" అని సూపర్‌వైజర్‌తోని చెప్పి పోయిండు.

ఇరవై నిమిషాలకు ఒక్కరొక్కరే లేచిన్రు, ఏదో మరిచిపోయినట్టు వెనుకకు తిరిగి చూసుకుంట. తర్వాతి ఆటకొచ్చినోళ్లు బయట గోల పెడుతున్నరు. ఆ రోజు సాయంత్రం మళ్లీ అదే సినిమా వేసినప్పుడు కూడా అట్లనే అయ్యింది. సూపర్‌వైజర్ పుస్తకం తెరిచి నాకు చూపించిండు. రెండు ఎర్ర గీతలు.

"రెండుసార్లు లేటైందండి. పైవాళ్లు నన్నడుగుతున్నారు. క్లీనింగ్‌వాళ్లు లేటని రాయక ఏం రాయనండి?"

"జనం లెవ్వకపోతే నేనేం జెయ్యాలె సార్? ఆళ్ల కాళ్ల కింద ఊడ్వాల్నా?"

"అది నాకు తెలీదండి. ఇంకొక్కసారి లేటైతే మీ కార్డు ఇచ్చేసి వెళ్లాల్సి వస్తుందండి."

ఎంత మర్యాదగ చెప్పిండంటే నేను మంచిది సార్ అన్న. ఆటోలో బోరబండ పోయేదాకా నా మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూర్చున్న.

తెల్లారి పొద్దటి ఆటకు తలుపు దగ్గర ఆ పెద్దామె మళ్లీ కనబడ్డది. అదే గుడ్డ సంచి. ఈసారి దద్దోజనం. కొడుకు లేడు, ఆఫీసుకు పోయినట్టున్నడు.

"మళ్ల అచ్చినవా అమ్మా? నిన్న జూసినవ్ గద."

"నిన్న పూర్తిగా వెయ్యలేదుగా అమ్మాయ్. హారతి కాకుండానే ఆపేశారు. ఇవాళైనా వేస్తారేమో అని వచ్చాను."

నేను చీపురు గోడకు ఆనించిన.

"ఏం హారతి అమ్మా?"

"మంగళహారతి పాడకుండా భక్తుడి కథ ముగిస్తారా ఎక్కడైనా? వినేవాళ్లు లేవచ్చా? మధ్యలో లేస్తే ఆ కథలో కష్టం మన వెనకాలే ఇంటికొస్తుంది. మా కోడలికి నెలలు నిండాయి. భక్తుడి సినిమా, మంచి జరుగుతుందని వచ్చానమ్మా. ఆ కొరడా దెబ్బల్ని మోసుకుని ఇంట్లోకి ఎలా వెళ్లను? నిన్న రాత్రి వాకిట్లోనే కాళ్లు కడుక్కుని, నిప్పు తొక్కి వెళ్లాను. అయినా మనసు కుదురు లేదు."

వాళ్లు ఉండేది పదహారో అంతస్తు. నిప్పు ఎక్కడిదమ్మా అని అడిగిన. అగరొత్తులు వెలిగించి తొక్కిందంట.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకనే గానీ, చిన్నప్పటి మాట ఏదీ మరిచిపోలే. మా ఊర్లో హనుమండ్ల గుడి ముందర ఒక పంతులు వారం రోజులు పురాణం చెప్పేటోడు. ఒకసారి కథ అడవిలో ఉండంగ, రాజు బిడ్డ ఒక్కతే తప్పిపోయి ఏడుస్తుండంగ, పంతులుకు చలిజ్వరం వచ్చి అట్లనే పక్కకు ఒరిగిండు. ఆయనను ఎత్తుకపోయిన్రు. జనం మాత్రం కదలలే. ఆ పిల్లను అడవిలో వదిలి ఎట్ల పోతరు? అప్పుడు మా అమ్మ, అక్షరం రానిది, చంటిపిల్లను చంకలో వేసుకొని లేచి మంగళహారతి పాడింది. పాట అయినంక అందరూ దండం పెట్టి, కింద పరుచుకున్న గోనెసంచులు దులుపుకొని ఇండ్లకు పోయిన్రు. మిగిలిన కథ ఏమైందో మాకెవ్వరికీ ఇప్పటికీ తెల్వదు. తెల్వకున్నా నిద్ర పట్టింది.

సూపర్‌వైజర్‌కు ఈ సంగతి చెప్పిన. ఆయన నవ్విండు.

"ఇది గుడి కాదండి, సినిమా హాలు."

"గుడి గాదు గనుకనే సార్. గుళ్లె అయితే అయ్యగారు పాడుతడు. ఈడ ఎవరున్నరు?"

"మీరు మీ పని చూసుకోండి."

నా పని ఊడ్వడం. ఊడ్వాలంటే జనం లేవాలె. నేను నా పనే చూసుకున్న.

ఆట అయ్యింది. గొర్ల కాపరి మళ్లీ చచ్చిపోయిండు. దేవుడు ఆ రోజు కూడా రాలే. లైట్లు వెలిగినయి, ఎవ్వరూ లేవలే. మూడో ఎర్ర గీత కండ్ల ముందర కనబడుతుంది. నేను పక్క మెట్లు దిగి తెర ముందరికి పోయిన. చేతిలో చీపురు ఉందని తెలుసు గానీ, యాడ పెట్టాల్నో తోచలే. మా అమ్మ పాడిన హారతి ఎత్తుకున్న.

రెండో చరణం సగంలో మాట మరిచిపోయిన. ఎనిమిదో వరుసలోనుంచి పెద్దామె అందుకున్నది. ఆమె రాగం వేరే, మా అమ్మ రాగం వేరే. ఇద్దరం కలిసి ఎవ్వరిదీ కాని రాగంలో పాడినం. అంతలో ఒక పిల్ల, జీన్సు ప్యాంటు పిల్ల, ఫోన్‌లో లైటు వేసి తెర దిక్కు తిప్పింది, మూడుసార్లు, గుండ్రంగ, కుడి నుంచి. ఆమెకు ఎవరు నేర్పిన్రో. ఇగ అందరూ లేచిన్రు. అందరి ఫోన్లలో లైట్లు. పాట అయినంక ఆ పిల్ల ఫోన్ పట్టుకొని వరుస పొడుగూతా నడిచింది. జనం ఆ ఫోన్ లైటు మీద చేతులు పెట్టి కండ్లకు అద్దుకున్నరు. ఒకాయన అలవాటున పైసలు వేద్దామని జేబులో చెయ్యి పెట్టి, పళ్లెం లేదని తీసిండు.

నాలుగు నిమిషాల్లో హాలు ఖాళీ. పోయేటప్పుడు మాట్లాడుకుంట పోయిన్రు. కొందరు డబ్బాలో పాప్‌కార్న్ తినుకుంట పోయిన్రు. పెద్దామె నా తల మీద చెయ్యి పెట్టి, ఇప్పుడు పూర్తయిందమ్మా అన్నది. మేం ఏడు నిమిషాల్లో ఊడ్చినం.

ఆ సంబురం ఒక్కపూటే. ఎవరో వీడియో తీసిన్రు. సాయంత్రానికి గేటు దగ్గర రెండు గుంపులకూ కొత్త పని దొరికింది. ఆపుమన్నోళ్లు, చూసిన్రా, ఊడ్చే ఆమెకు ఉన్న భక్తి సినిమా తీసినోళ్లకు లేదన్నరు. చూడుమన్నోళ్లు, చీపురు పట్టుకొని హారతి పాడి సినిమాను అవమానించిందన్నరు. చీపురు సంగతి నిజమే. నేను అది యాడనన్న పెట్టాల్సింది.

తెల్లారి మేనేజర్ పిలిచిండు. ఆయన గదిలోకి నేను అంతకుముందు టీ గ్లాసులు తీయడానికే పోయిన. మెడలో కార్డు ముందే తీసి చేతిలో పట్టుకున్న, అడిగించుకోవడం ఎందుకని. సూపర్‌వైజర్ పుస్తకం పట్టుకొని పక్కన నిలబడ్డడు. మేనేజర్ వీడియో మొత్తం చూసిండు, నా ముందరనే. నా గొంతు అంత సన్నగ ఉంటదని నాకు అప్పుడే తెలిసింది.

"ఎవరు పాడమన్నారు మిమ్మల్ని? ఏ గుంపు?"

"ఏ గుంపు గాదు సార్. పన్నెండు నిమిషాలు సరిపోతలెవ్వు."

"అంటే?"

"హారతి కాకుంటే జనం లెవ్వరు. లెవ్వకుంటే ఊడ్వస్తలేదు. మూడోసారి లేటయితే కార్డు ఇచ్చి పొమ్మన్నరు. గందుకే పాడిన."

ఆయన సూపర్‌వైజర్ దిక్కు చూసిండు. సూపర్‌వైజర్ పుస్తకం తెరిచి చూపించిండు. నేను పాడిన రోజు పేజీలో ఎర్ర గీత లేదు. మేనేజర్ చాలాసేపు ఆ పేజీనే చూసిండు. బల్ల మీద నేను పెట్టిన కార్డును వేలితోని నా దిక్కు జరిపి, చీపురు మాత్రం బయట పెట్టి పాడండి అన్నడు.

నడుమ ఒకసారి, ప్రతి ఆటకు మనిషి ఎందుకని, నా గొంతు రికార్డు చేసి స్పీకర్లో వేసిన్రు. జనం చేతులు జోడించి విన్నరు గానీ లేవలే. పాడేటోళ్లు కనబడాలె కదా. నన్ను పిలిచిన్రు, మళ్లీ మొదటినుంచి పాడిన. ఆ రోజు రెండు హారతులు అయినయి.

సినిమా మూడు వారాలు ఆడింది. గేటు దగ్గర గుంపులు మొదటి వారంలోనే పోయినయి. పెద్దామె కొడుకు ఒకసారి వచ్చి, బిడ్డ పుట్టింది, తల్లీ పిల్లా బాగున్నరని చెప్పి, ప్లాస్టిక్ డబ్బాలో లడ్లు ఇచ్చి పోయిండు. సెక్యూరిటీ అన్న అది కూడా ప్రసాదమే అన్నడు.

ఆఖరి ఆట ఒక గురువారం పొద్దటిది. ఆ తర్వాత హాలులో సీట్ల బట్టలు మారుస్తరని వేరే ఆట పెట్టలే. చూసింది పదిమందో పన్నెండుమందో. వాళ్ల కోసం పాడాల్సిన పని కూడా రాలే, పేర్లు పడుతుండంగనే లేచి పోయిన్రు, ఏందో తొందర. నేను చీపురు పట్టుకొని లోపలికి పోయిన.

ఆఖరి వరుసలో మూలకు ఒక మనిషి ఉన్నడు. మా సూపర్‌వైజర్. మూడు వారాలు తలుపు దగ్గర నిలబడి ముక్కలు ముక్కలుగ చూసినాయన, ఆ రోజు కూర్చొని మొత్తం చూసినట్టుంది. పుస్తకం ఒళ్లో ఉంది, మూసి ఉంది. తెర దిక్కే చూస్తున్నడు.

"టైమైతుంది సార్" అన్న.

"తర్వాత ఆట లేదుగా అండి."

"అయితే ఇంకా గూసుంటరా?"

ఆయన ఒకసారి ముక్కు తుడుచుకున్నడు. తర్వాత చిన్నగ అన్నడు.

"మీరు పాడితే లేస్తానండి."

నేను చీపురు తీసుకపోయి తలుపు బయట పెట్టి వచ్చి పాడిన. మొత్తం పాడిన, రెండో చరణం ఇప్పుడు మరిచిపోను. ఆయన ఫోన్ లైటు వేయలే, చేతులు మాత్రం జోడించిండు. పాట అయినంక లేచి పుస్తకం తెరిచిండు.

"ఊడ్వడం ఎప్పుడు మొదలెట్టారని రాయనండి?"

"హారతి అయినంక అని రాయిన్రి సార్."

రాసిండు. నేను చీపురు తెచ్చుకొని ఆఖరి వరుస నుంచి మొదలుపెట్టిన. ఆయన సీటు కింద పాప్‌కార్న్ డబ్బా ఉంది. నిండుగనే ఉంది.